ముక్కు లేని డబ్బాకి విషవాయువు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్న పడవకి ఐస్ తెచ్చే ఫ్యాక్టరీలో గోడకి చిన్న డబ్బా ఒకటి ఉంటాది. గ్యాస్ లీకైతే అది కూత పెడతాదట. దానికి ముక్కే లేదు కదా, ఎలా తెలుస్తాది?
– ఏడో తరగతి విద్యార్థిని, భావనపాడు, సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: దానికి ముక్కు లేదన్న మాట సరిగ్గా పట్టుకున్నావమ్మా. పెద్దవాళ్లు కూడా చాలామంది ఆ డబ్బా మనలాగే వాసన చూస్తుందనుకుంటారు. అది వాసన చూడదు. మరేం చేస్తుందో తెలియాలంటే, ముందు ఐస్ ఫ్యాక్టరీలో గ్యాస్ ఏం పని చేస్తోందో చూడాలి.

ఐస్ దిమ్మలు తయారయ్యే చోట పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు ఉంటాయి. మంచినీళ్లు నింపిన రేకు డబ్బాలను అందులోకి దించుతారు. ఉప్పు బాగా కలిపిన నీరు సున్నా డిగ్రీల కంటే కిందకి చల్లబడినా గడ్డకట్టదు. అందుకని తొట్టిలోని నీరు నీరుగానే ఉంటూ డబ్బాల్లోని మంచినీళ్లను దిమ్మలుగా మార్చేస్తుంది. మరి ఆ ఉప్పునీళ్లను చల్లబరిచేది ఎవరు? తొట్టిలో పరిచిన ఇనుప గొట్టాల్లో తిరిగే అమ్మోనియా. ద్రవంగా ఉన్న అమ్మోనియా ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కుతుంది, తర్వాత దాన్ని చల్లార్చి మళ్లీ ద్రవంగా మారుస్తారు. పగలూ రాత్రీ ఇదే చక్రం. రొయ్యల్ని గడ్డకట్టించే ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ ఇదే పద్ధతి. గొట్టాల్లో ఉన్నంతసేపూ అమ్మోనియా మనకి మంచి పనివాడే. సముద్రపు గాలికి వాల్వు తుప్పు పట్టినా, అతుకు దగ్గర సన్నటి పగులు వచ్చినా బయటికి వస్తుంది. కంటిలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో తడి ఎక్కడుంటే అక్కడ కరిగి మంట పెడుతుంది.

అమ్మోనియా ఘాటు ఎంతటిదో తెలిసినవాళ్లెవరైనా వెంటనే ఒకటి అడుగుతారు. అంత ఘాటైన వాయువుకి డబ్బా దేనికి, ముక్కే చెబుతుంది కదా అని. చెబుతుంది, కానీ ముక్కుని పూర్తిగా నమ్ముకోవడానికి లేదు. రోజూ అదే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ముక్కు కొద్దిపాటి అమ్మోనియాకి అలవాటు పడిపోతుంది. కొత్తగా వచ్చినవాడు ముక్కు మూసుకుంటుంటే పాతవాళ్లు ‘ఏదీ, ఏమీ లేదే’ అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్లకి నిజంగానే తెలియడం లేదు.

ఇంతకంటే మోసకారి వాయువు మీ చుట్టుపక్కలే ఉంది. రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు అడుగున నల్ల బురద తేలుతుంది, చూశావా? కాలితో కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి తగలని చోట మేత, వ్యర్థాలు కుళ్లినప్పుడు పుడుతుంది. పడవ అడుగున చేపలు దాచే గదిలో చేపలు కుళ్లినా ఇదే పుడుతుంది. చాలా కొద్దిగా ఉన్నా మన ముక్కు దీన్ని పసిగడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ వాసన కూడా పెరగాలి కదా? ఒక హద్దు దాటాక ఇది వాసన పట్టే నరాలనే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోతుంది. ‘హమ్మయ్య, పోయింది’ అనుకుంటాడు మనిషి, సరిగ్గా ప్రాణం మీదికి వచ్చిన సమయంలో. ఇలాంటి గదుల్లోకి దిగినవాడు పడిపోతే, వాణ్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు, ఆ వెనక దిగినవాడూ పడిపోతాడు. పేపర్లలో వచ్చే ఇలాంటి వార్తల్లో చనిపోయినవాళ్లలో కాపాడబోయినవాళ్లు తరచుగా ఉంటారు. గది మూత చాలాసేపు తీసి ఉంచి గాలి ఆడనివ్వకుండా, పైన తాడు పట్టుకునేవాడు లేకుండా ఎవరూ లోపలికి దిగకూడదు. ఈ మాట మీ నాన్నకి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి అను.

ఇక కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసిన గదిలో జనరేటర్ నడిపినా, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా వచ్చే వాయువు ఇదే. దీని విషయంలో ముక్కు పనికే రాదు. వంటగ్యాసుకీ సొంత వాసన పెద్దగా ఉండదు. మనకి తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు.

కాబట్టి అలవాటు పడనిది, నిద్రపోనిది, ‘ఎంత ఉంది’ అన్నది కూడా చెప్పగలిగేది ఒకటి కావాలి. ఎంత అంటే ఎంత? ఈ లెక్కని పీపీఎంలో చెబుతారు. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు వాయువు ఉంటే అది ఒక పీపీఎం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల ఎత్తు ఉన్న హాలు ఊహించుకో. అందులో పది లక్షల లీటర్ల గాలి పడుతుంది. ఒక లీటరు సీసాడు అమ్మోనియా అందులో కలిస్తే ఒక పీపీఎం అయినట్టు. పనివాళ్లు రోజంతా పీల్చే గాలిలో అమ్మోనియా సగటున 25 పీపీఎం మించకూడదని, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 మించకూడదని 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం హద్దు పెట్టింది. అమ్మోనియా 300 పీపీఎం చేరితే వెంటనే ప్రాణానికి ముప్పు ఉన్నట్టుగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అంటే అంత పెద్ద హాల్లో పాతిక సీసాలకీ మూడు వందల సీసాలకీ ఉన్న తేడాని ఆ డబ్బా పట్టుకోవాలి.

ఎలా పట్టుకుంటుంది? ఇంట్లో ఉన్న వస్తువుతో మొదలుపెడదాం. వెండి పట్టీలు కొన్నాళ్లకి నల్లబడతాయి. అమ్మ వాటిని చింతపండుతోనో పళ్లపొడితోనో తోముతుంది. నల్లబడడానికి కారణం మురికి కాదు. గాలిలో రవ్వంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, దానిలోని గంధకం వెండితో కలిసి నల్లటి వెండి సల్ఫైడ్ అవుతుంది. ఇక్కడ జరిగిందేమిటో గమనించు. కంటికి కనపడని వాయువు ఒక పదార్థాన్ని తాకింది, ఆ పదార్థం మారింది, ఆ మార్పుని నువ్వు చూశావు. వాయువుని నువ్వు చూడలేదు, అది చేసిన మార్పుని చూశావు. లోకంలోని గ్యాస్ సెన్సర్లలో చాలావరకు ఈ ఒక్క పని మీదే నడుస్తాయి.

పాతకాలం వాళ్లకి ఇది బాగా తెలుసు. సీసం ఎసిటేట్ పూసిన కాగితాన్ని తడిపి పట్టుకుంటే, హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే నల్లబడుతుంది. అమ్మోనియా లీకు ఎక్కడుందో వెతకడానికి ప్లాంట్ మెకానిక్కులు గంధకం పూసిన వత్తి వెలిగించి గొట్టాల వెంట తిప్పుతారు. లీకు ఉన్న చోట దట్టంగా తెల్లటి పొగ లేస్తుంది. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారినా అదే అర్థం. నీ సైన్సు పుస్తకంలో ఆ కాగితం గురించి చదివే ఉంటావు. అది పరీక్షలో రెండు మార్కుల కోసమే పుట్టలేదన్నమాట. ఇంగ్లండు బొగ్గు గనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టడానికి కేనరీ పిట్టల్ని పంజరంలో తీసుకెళ్లేవారు. మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది. హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహాతో మొదలైన ఈ పద్ధతిని 1986లో గానీ మానలేదు.

వీటన్నిటికీ ఒకటే లోటు. కాగితం రంగు చూడడానికో, పిట్ట వాలిపోయిందని గమనించడానికో ఒక మనిషి అక్కడ ఉండాలి. అర్ధరాత్రి ఆపరేటర్ కునుకు తీస్తే కాగితం నల్లబడి ఊరుకుంటుంది. వాయువు తెచ్చే మార్పు రంగులో కాకుండా కరెంటులో కనిపిస్తే? కరెంటు మారితే బల్బు వెలిగించవచ్చు, హారన్ మోగించవచ్చు, ఫ్యాను తిప్పవచ్చు, వాల్వు మూయించవచ్చు. మనిషి అక్కడ లేకపోయినా సరే. కాబట్టి కావలసింది వాయువు తగలగానే తనలో పారే కరెంటు తేడా పడే పదార్థం.

అలాంటి పదార్థాలు 1962లో దొరికాయి. జపానులో సెయామా అనే ఆచార్యుడు జింక్ ఆక్సైడ్ పలుచటి పొర మీద ఈ గుణం ఉందని చూపించాడు. అదే ఏడాది తాగుచి నవోయోషి అనే ఆయన తగరం ఆక్సైడ్‌తో చేసిన పరికరానికి పేటెంటు కోరాడు. అప్పట్లో జపాన్ ఇళ్లలోకి సిలిండర్ గ్యాసు కొత్తగా వస్తోంది, పేలుళ్లూ జరుగుతున్నాయి. 1969లో ఆయన పెట్టిన ఫిగారో అనే కంపెనీ ఆ పరికరాన్ని ఇళ్లకి చేర్చింది. ఇవాళ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకి కొనే ఎంక్యూ రకం సెన్సర్లు ఈ కుటుంబంవే, వంద రెండు వందల రూపాయలకి దొరుకుతాయి. వాటిలో ఒకటి దొరికితే అరచేతిలో పెట్టుకుని చూడు. చిన్న గుండ్రటి టోపీ, దాని పైన సన్నటి స్టీలు వల, కింద ఆరు కాళ్లు. వల లోపల పింగాణీ గొట్టం, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. గొట్టం మీద తెల్లటి తగరం ఆక్సైడ్ పూత. గొట్టంలో దూర్చిన సన్నటి తీగ చుట్ట హీటరు. కరెంటు ఇచ్చిన కాసేపటికి టోపీ వేలికి వెచ్చగా తగులుతుంది. లోపల పూత మాత్రం రెండు మూడు వందల డిగ్రీల దాకా కాగుతూ ఉంటుంది. ఆ వేడికి మండే వాయువు అంటుకున్నా మంట బయటికి రాకుండా ఆపడానికే ఆ వల.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పూత గోడకి వేసిన సున్నంలా ఒకే పొరగా ఉండదు. లెక్కలేనన్ని సన్నటి రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కరెంటు అంటే ఎలక్ట్రాన్ల నడక కదా. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలంటే ఎలక్ట్రాన్ రేణువు నుంచి రేణువుకి దాటుకుంటూ పోవాలి. జెట్టీ దగ్గర పక్కపక్కనే కట్టిన పడవల్ని తలుచుకో. చివరి పడవలోని చేపల తట్టను ఒడ్డుకి చేర్చాలంటే ఒక పడవ నుంచి ఇంకో పడవలోకి అడుగేస్తూ రావాలి. పడవలు ఆనుకుని ఉంటే చకచకా రావచ్చు. మధ్యలో నీటి సందు పెరిగితే అడుగు వేయడం కష్టం, తట్టలు ఆగిపోతాయి. రేణువుల మధ్య అలాంటి సందుని పెంచేదీ తగ్గించేదీ గాలే.

ఎలాగంటే, మామూలు గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. వేడెక్కిన తగరం ఆక్సైడ్ మీద ఆక్సిజన్ వచ్చి అంటుకుంటుంది. ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లంటే మహా ఆశ. అంటుకుని ఊరుకోదు, రేణువు అంచులో ఉన్న ఎలక్ట్రాన్లని లాగి తన దగ్గర పెట్టుకుంటుంది. దాంతో ప్రతి రేణువు చుట్టూ ఎలక్ట్రాన్లు లేని ఖాళీ పట్టీ ఒకటి ఏర్పడుతుంది. అదే మనం అనుకున్న సందు. అందుకే శుభ్రమైన గాలిలో ఈ పూత గుండా కరెంటు చాలా కష్టంగా పారుతుంది. ఇప్పుడు అమ్మోనియా వచ్చిందనుకో. వేడి మీద ఉన్న ఆ ఆక్సిజన్‌తో అది కలిసి నత్రజనిగా, నీటి ఆవిరిగా మారి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ వెళుతూ తాను పట్టుకున్న ఎలక్ట్రాన్లని రేణువుకే వదిలేస్తుంది. సందు తగ్గింది, కరెంటు పెరిగింది. ఎంత ఎక్కువ అమ్మోనియా వస్తే అంత ఎక్కువ కరెంటు. ఇంత దాటితే హారన్ కొట్టు అని ముందే ఒక గీత గీసి ఉంచుతారు. గాలి శుభ్రపడగానే ఆక్సిజన్ మళ్లీ వచ్చి తన చోటు తాను పట్టుకుంటుంది. సెన్సరు మొదటికి వస్తుంది. ఒకసారి నల్లబడితే మరి పనికిరాని కాగితంతో పోలిస్తే దీని గొప్ప ఇదే.

హీటరు ఎందుకో కూడా ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. చల్లటి పూత మీద ఆక్సిజన్ అంటుకున్నా చురుగ్గా ఉండదు, వాయువుతో కలవదు, గాలిలోని తేమ కూడా వచ్చి అడ్డం కూర్చుంటుంది. మరీ వేడెక్కితే ఆక్సిజన్ నిలవకుండా లేచిపోతుంది. మధ్యలో ఒక్కో వాయువుకి ఒక్కో తగిన వేడి ఉంటుంది.

ఇలా పనికొచ్చే ఆక్సైడ్లు ఇంకా ఉన్నాయి: జింక్, టంగ్‌స్టన్, ఇండియం, టైటానియం. ఈ చివరి పేరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అది మీ తీరానికి చుట్టం. అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. చేత్తో తీస్తే మామూలు ఇసుక కంటే బరువుగా ఉంటుంది. ఆ నలుపులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంటుంది, అది ఇనుమూ టైటానియమూ ఆక్సిజనూ కలిసినది. శ్రీకాకుళం తీరంలో, ముఖ్యంగా శ్రీకూర్మం, కళింగపట్నం వైపు, ఇల్మనైటుతో పాటు గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్, రూటైల్ కూడా దొరుకుతాయి. ఇల్మనైటు నుంచి తీసే తెల్లటి టైటానియం డయాక్సైడ్ గోడల రంగుల్లోకి వెళుతుంది. దాన్నే మరీ సన్నటి రేణువులుగా చేసి సెన్సర్లలోనూ వాడతారు. అలాగని ఆ నల్ల ఇసుకని డబ్బాలో పోసి కరెంటు ఇస్తే పనిచేయదు. శుద్ధి, రేణువు సైజు, కాల్చిన తీరు అన్నీ కుదరాలి. రేణువు ఎంత సన్నదైతే అంత మంచిది. పెద్ద రేణువులో అంచు కొంచెం, లోపలి భాగం ఎక్కువ. చిన్న రేణువులో దాదాపు అంతా అంచే కాబట్టి గాలిలో చిన్న తేడా వచ్చినా రేణువంతటికీ తెలిసిపోతుంది. నానో పదార్థాల మీద పరిశోధకులకి అంత మోజు ఇందుకే.

ఇక్కడ ఈ సెన్సర్ల అసలు బలహీనత చెప్పాలి. అమ్మోనియా వచ్చినా, వంటగ్యాసు వచ్చినా, సారా ఆవిరి వచ్చినా తగరం ఆక్సైడ్ మీద జరిగేది ఒకటే. అంటుకున్న ఆక్సిజన్ పోతుంది, కరెంటు పెరుగుతుంది. వచ్చిందెవరో దానికి తెలియదు, ఎవరో వచ్చారని మాత్రమే తెలుసు. వంటింట్లో పెట్టిన చవక డిటెక్టర్ తాలింపు పొగకీ సెంటు వాసనకీ కూడా గోల పెట్టేది అందుకే. వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వస్తే మాత్రం తేడా తెలుస్తుంది, ఎందుకంటే అది కూడా ఆక్సిజన్ లాగే ఎలక్ట్రాన్లని లాక్కునే రకం. కరెంటు పెరగడానికి బదులు తగ్గుతుంది.

‘ఎవరో’ అన్న ప్రశ్నకి జవాబు కోసం శాస్త్రవేత్తలు పట్టిన దారుల్లో నాకు నచ్చినది వెండి పట్టీల దారే. తగరం ఆక్సైడ్‌లో కొంచెం రాగి ఆక్సైడ్ కలుపుతారు. ఈ రెండూ ఆనుకున్న చోట కరెంటుకి గట్టి అడ్డం ఏర్పడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ రాగానే రాగి ఆక్సైడ్ కాస్తా రాగి సల్ఫైడ్ అయిపోతుంది. అది కరెంటుని బాగా పారనిస్తుంది, అడ్డం కూలిపోతుంది. వేరే వాయువులకి ఈ పని చేతకాదు. అమ్మోనియాకైతే పాలీఅనిలిన్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థం ఉంది. మామూలు ప్లాస్టిక్కులా కాకుండా ఇది కరెంటుని పారనిస్తుంది, అదీ తనలో ఆమ్లగుణం ఉన్నంతవరకే. అమ్మోనియా క్షారం కదా, వచ్చి ఆ ఆమ్లగుణాన్ని తీసేస్తుంది, కరెంటు పడిపోతుంది. ఎర్ర లిట్మస్‌ని నీలంగా మార్చిన గుణమే ఇక్కడా పనిచేసింది. పైగా దీనికి హీటరు అక్కర్లేదు. 2007లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు గ్రాఫీన్ మీద ఒకే ఒక్క వాయు అణువు వచ్చి వాలడాన్ని కూడా గుర్తించి చూపించారు. ప్రయోగశాలలో అది అద్భుతమే. కానీ ఫ్యాక్టరీ గోడకి ఎక్కాలంటే ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలవాలి, ఆ పరీక్షలో చాలా కొత్త పదార్థాలు ఓడిపోతున్నాయి.

ఐస్ ఫ్యాక్టరీ డబ్బాలో ఎక్కువగా వాడే ఇంకో రకం ఎలక్ట్రోకెమికల్ సెల్. ఇది దాదాపు ఒక చిన్న బ్యాటరీయే. టార్చిలైటు బ్యాటరీలో రసాయనాలు ముందే నింపి ఉంటాయి, అందుకే మీట నొక్కగానే కరెంటు వస్తుంది. ఇందులో లోహపు పూత ఉన్న ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య తడి రసాయనం మాత్రం ఉంటాయి. రసాయన చర్యలో పాల్గొనాల్సిన వాయువు బయటినుంచే రావాలి. రాకపోతే కరెంటు లేదు. సన్నటి పొర గుండా అమ్మోనియా లోపలికి వస్తే, వచ్చినంత మేరకు కరెంటు పుడుతుంది. లోహాన్నీ రసాయనాన్నీ మార్చి కార్బన్ మోనాక్సైడ్‌కి ఒకటి, క్లోరిన్‌కి ఒకటి చేసుకోవచ్చు. ఇది తగరం ఆక్సైడ్ కంటే నమ్మకంగా లెక్క చెబుతుంది, కానీ బ్యాటరీ లాగే ఆయుష్షు తక్కువ, రెండు మూడేళ్లు.

ఎంత మంచి సెన్సరైనా వాయువు దాని దగ్గరికి రావాలి. అమ్మోనియా గాలి కంటే తేలిక, పైకి లేస్తుంది. కాబట్టి డబ్బా పైకప్పుకి దగ్గరగా ఉండాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. దాని డిటెక్టర్ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. చూడడానికి బాగుంటుందని చాలా ఇళ్లలో దాన్ని స్విచ్‌బోర్డు పక్కన బిగిస్తున్నారు. గ్యాసు అంత ఎత్తుకి చేరేసరికి గది సగం నిండిపోతుంది.

చోటు తప్పితే ఏమవుతుందో విశాఖపట్నం మనకి చూపించింది. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకి పైగా బరువు. అందుకే పైకి పోకుండా నేలని పట్టుకుని వీధుల్లోకి పాకింది. స్టైరీన్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. వెచ్చగా కదలకుండా నిలవ ఉంటే అణువులు ఒకదానికొకటి అల్లుకోవడం మొదలుపెడతాయి. అల్లుకున్నప్పుడు వేడి పుడుతుంది, వేడికి ఇంకా అల్లుకుంటాయి. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ వారాలపాటు మూతపడి ఉంది. ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగు భాగంలోనే ఉందని అందులో తేల్చింది. అడుగున చల్లగా ఉంది, అదే చెప్పింది. పైపొరల్లో ద్రవం మరుగుతున్న సంగతి చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ నొక్కలేదు. ఇక్కడ పదార్థాల శాస్త్రం ఓడిపోయిందని నేననుకోను. సాధనం ఎక్కడ పెట్టాలి, కూత ఎవరు పెట్టాలి అని ముందే ఆలోచించి పెట్టుకోని మనుషులే ఓడిపోయారు.

స్టైరీన్ లాంటి వాటిని పట్టడానికి చేతిలో పట్టుకుని తిరిగే సాధనం ఒకటుంది, పనివాళ్లు పీఐడీ అంటారు. అందులో అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న దీపం ఉంటుంది. ఆ కాంతి స్టైరీన్ అణువుని తాకితే ఒక ఎలక్ట్రాన్ ఊడివస్తుంది, దాన్ని కరెంటుగా కొలుస్తారు. గాలిలోని నత్రజని, ఆక్సిజన్ తమ ఎలక్ట్రాన్లని గట్టిగా పట్టుకుంటాయి గనుక ఆ కాంతికి లొంగవు. ఇదీ పేరు చెప్పలేదు, మోతాదే చెబుతుంది. పేరు ఎంత ముఖ్యమో 2022లో అచ్యుతాపురం సెజ్‌లో మహిళా కార్మికులు పెద్దసంఖ్యలో సొమ్మసిల్లినప్పుడు తెలిసింది. మొదట అమ్మోనియా అనుకున్నారు. ల్యాబు పరీక్షల తర్వాత క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు పేరు బయటికొచ్చింది. డాక్టరు ఇచ్చే వైద్యం ఈ రెండిటికీ ఒకటి కాదు.

మీ ఊళ్లాంటి చోట ఈ డబ్బాలకి శత్రువులు ఎక్కువ. వానాకాలంలో నౌపడా ఉప్పు కూడా చెమ్మగిల్లే గాలి మీది. ఆ తేమ తగరం ఆక్సైడ్ మీద ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుని లెక్క తప్పిస్తుంది. ఉప్పు తుంపర కాళ్లని, వలని తుప్పు పట్టిస్తుంది. ఇంకో శత్రువు ఎవరూ ఊహించనిది: సిలికోన్. కిటికీ సందులు పూడ్చే పేస్టు, మెరుపు కోసం కొట్టే కొన్ని స్ప్రేలు దీనితోనే చేస్తారు. దాని ఆవిరి వేడి పూత మీద పడితే గాజు లాంటి పొరగా గడ్డకడుతుంది. అప్పుడు సెన్సరు చచ్చిపోయినట్టే. పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది కరెంటు వస్తోందని చెబుతుంది తప్ప పూత బతికి ఉందని చెప్పదు. డబ్బా మీద ‘టెస్ట్’ మీట నొక్కితే హారన్ మోగుతుంది కానీ, అది హారన్‌కి పెట్టిన పరీక్ష. సెన్సరుకి పరీక్ష పెట్టాలంటే నిజమైన వాయువునే, తెలిసిన మోతాదులో, చిన్న సిలిండర్ నుంచి దాని మీద వదలాలి. దీన్ని బంప్ టెస్ట్ అంటారు. పద్ధతిగా నడిపే ప్లాంట్లలో ఈ పరీక్ష చేసిన తేదీ రాసిన చీటీ డబ్బా పక్కనే అంటించి ఉంటుంది.